తీర నగరంలో ఎవరూ చూపించని వింతలు: ఏ వేళకు, ఎక్కడ, ఎలా వెతకాలి?

"ఫలానా ఊరు వెళ్తున్నాం. బీచ్, అక్వేరియం, సాయంత్రం పడవ షికారు కాకుండా ఇంకేమైనా ఉంటే చెప్పండి." ఈ మాట ఎంతమంది అడిగారో లెక్క లేదు. పది పేర్లు రాసి ఇచ్చేయడం సులువే. కానీ అలా పేర్లు పట్టుకుని వెళ్ళినవాళ్ళు చాలామంది "అక్కడేమీ లేదండీ" అంటూ తిరిగొచ్చారు. వాళ్ళు వెళ్ళిన చోటు సరైనదే. వెళ్ళిన వేళే తప్పు.

కోటకి పొద్దున వెళ్ళినా సాయంత్రం వెళ్ళినా కోట అక్కడే ఉంటుంది. సముద్రం ఒడ్డున అలా కాదు. నీరు తీస్తే తప్ప కనిపించని దారులుంటాయి, పోటెక్కితే తప్ప వినిపించని వాయిద్యాలుంటాయి, రోజుకు ఒక్క క్షణం మాత్రమే కదిలే యంత్రాలుంటాయి. అందుకే ముందు వేళ, తర్వాత చోటు, ఆ తర్వాతే నడక. ఈ వరుస మార్చకండి.

1. హోటల్ కంటే ముందు ఆటుపోట్ల పట్టిక

ప్రయాణం తేదీ అనుకోగానే చేయాల్సిన మొదటి పని ఇది. ఎక్కువ తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు ఉదయం 9 గంటలకు నీరు బాగా తీస్తే రేపు దాదాపు 9:50కి తీస్తుంది. నిన్న ఎవరో 9కి వెళ్ళి చూశారని మీరూ అదే వేళకు వెళ్తే కుదరకపోవడానికి కారణం ఇదే.

తిథి కూడా చూసుకోండి. అమావాస్యకూ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకూ నీరు అన్నిటికంటే ఎక్కువగా ఎక్కుతుంది, అన్నిటికంటే ఎక్కువగా దిగుతుంది. అష్టమి ప్రాంతాల్లో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. నీటి అడుగున ఉండే వింతల కోసమే వెళ్తుంటే అమావాస్యకో పున్నమికో ప్రయాణం పెట్టుకోండి. మధ్యధరా, బాల్టిక్ తీరాల్లో చాలా చోట్ల ఆటుపోట్లు చాలా స్వల్పం. అక్కడ ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు, నేరుగా రెండో మెట్టుకు వెళ్ళండి.

పట్టిక ఎక్కడ దొరుకుతుంది? సముద్రం ఉన్న దేశాల్లో దీనికోసం ప్రభుత్వ సంస్థలుంటాయి. అమెరికాలో నోవా, బ్రిటన్‌లో హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్, మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా. ఫోన్ యాప్‌లు కూడా పనికొస్తాయి, కానీ వాటిలో చూసిన వేళను అధికారిక పట్టికతో ఒక్కసారి పోల్చుకోండి.

పట్టిక చదవడంలో అసలు కిటుకు ఇంకొకటుంది. నీరు గంటగంటకూ ఒకే వేగంతో ఎక్కదు. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలనుకుంటే, నావికులు మొత్తం ఎత్తును 12 భాగాలు చేసి, గంటకు వరసగా 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున లెక్క వేసుకుంటారు. తేడా 4 మీటర్లున్న చోట మొదటి గంటలో పెరిగేది 33 సెంటీమీటర్లే. మూడో గంటలో ఒక మీటరు, నాలుగో గంటలో ఇంకో మీటరు. "ఇంకా పాదాలే తడుస్తున్నాయి కదా" అని కూర్చున్నవాళ్ళు చిక్కుకుపోయేది ఈ రెండు గంటల్లోనే.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- ఉన్నన్ని రోజులూ, రోజువారీగా ఆటు వేళ, పోటు వేళ, నీటి ఎత్తు
- సూర్యోదయం, సూర్యాస్తమయం
- పగటి వెలుగులో వచ్చే ఆటులు (వీటి చుట్టూ ఒక గీత గీసుకోండి, మీ ప్రయాణానికి ఇవే మూలస్తంభాలు)
- ఆ ప్రాంతంలో వేసవి కాలమానం (వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరపడం) ఉందా, పట్టికలో ఆ గంట కలిపారా లేదా

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కొన్ని పట్టికలు ఏడాది పొడుగునా ఒకే కాలమానంలో అచ్చవుతాయి.

2. పాత తీరాన్ని పటం మీద గీయండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఇంట్లో కూర్చుని చేసేదే. ఒక సాయంత్రం పూర్తిగా దీనికి ఇవ్వండి.

పెద్ద రేవు పట్టణాలు చాలావరకు సముద్రంలోకి పెరిగినవే. గుంటలు పూడ్చారు, గట్లు కట్టారు, ఆ మట్టి మీద వీధులు వేశారు. ఒకప్పుడు ఒడ్డున ఉన్న వింతలన్నీ ఇప్పుడు ఊరి మధ్యలో, ఆఫీసుల మధ్య ఇరుక్కుని ఉంటాయి. పర్యాటకులంతా కొత్త ఒడ్డున నడుస్తారు. మీరు పాత ఒడ్డున నడవండి.

చేసే పద్ధతి:

- డేవిడ్ రంసీ మ్యాప్ కలెక్షన్, ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్ లాంటి చోట్ల ఆ నగరం పాత పటాన్ని వెతకండి. 19వ శతాబ్దం మొదటి సగంలోది దొరికితే మేలు.
- దానిలో నీటి అంచు ఎక్కడుందో చూసి, ఈనాటి పటం మీద పెన్సిలుతో ఆ గీత గీయండి. గుళ్ళు, చర్చిలు, కోట మూలలు రెండు పటాల్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని గుర్తుగా పెట్టుకోండి.
- వీధుల పేర్లు చదవండి. బీచ్, వాటర్, వార్ఫ్, స్ట్రాండ్ లాంటి పేరున్న వీధి సముద్రానికి దూరంగా ఉందంటే మీ గీత దాని పక్కనుంచే పోతుంది.
- ఆ గీత వెంబడి ఉన్న పాత కట్టడాలకు చుక్కలు పెట్టండి.

సింగపూర్‌లో తెలోక్ అయర్ అనే వీధి ఉంది. మలయ్ భాషలో ఆ పేరులో ఖాతం, నీరు అన్న మాటలున్నాయి. చుట్టూ ఆకాశహర్మ్యాలే, సముద్రం జాడ లేదు. ఆ వీధిలోని థియాన్ హాక్ కెంగ్ గుడిని 1839-42 మధ్య కట్టారు. చైనా నుంచి వచ్చిన ఓడలవాళ్ళు దిగీ దిగగానే సముద్ర దేవత మాజుకు మొక్కు చెల్లించుకున్న చోటది. గుమ్మంలో నిలబడి వీధి వైపు తిరగండి. ఒకప్పుడు ఎదురుగా అలలుండేవి. ఇదంతా తెలియకపోతే అది ఒక అందమైన గుడి, అంతే. గీత గీసుకుని వెళ్తే అది రేవు.

అలాగే న్యూయార్క్‌లో పర్ల్ స్ట్రీట్ పాత తీరం, హాంగ్‌కాంగ్‌లో క్వీన్స్ రోడ్డు పాత తీరం. శాన్‌ఫ్రాన్సిస్కో ఇంకో అడుగు ముందుకేసింది. 1849 బంగారు వేటలో సిబ్బంది వదిలేసి పోయిన ఓడల చుట్టూ మట్టి పోసి, వాటి మీదే ఊరు కట్టేశారు. నియాంటిక్ అనే ఓడ అవశేషాలు 1978లో భవనం పునాదులు తవ్వుతుంటే బయటపడ్డాయి.

అన్ని చోట్లా మనిషే పూడ్చాడనుకోకండి. చెన్నైలో పని చేసింది ఇసుక. 19వ శతాబ్దం చివర్లో కృత్రిమ రేవు కట్టాక, తీరం వెంబడి ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక రేవు గోడకు దక్షిణాన ఆగిపోయింది. మెరీనా అలా వెడల్పయింది, ఉత్తరాన తీరం కోతకు గురయింది. అక్కడ దీపస్తంభాలు మారిన క్రమాన్ని అనుసరించి ఒక పూట నడవొచ్చు: 1796లో కోటలో, 1844లో ఇప్పుడు హైకోర్టు ఆవరణలో ఉన్న రాతి స్తంభం, 1894లో హైకోర్టు గుమ్మటం, 1977లో మెరీనా. నాలుగు దీపాలు, ఒకే ఊరు. కోర్టు ఆవరణలోకి అడగకుండా వెళ్ళకండి, ముందే అనుమతి కనుక్కోండి.

3. దేనికోసం వెతకాలో తెలుసుకోండి

పటం మీద గీత ఉంది, పట్టికలో వేళలున్నాయి. ఇప్పుడు కళ్ళకు పని చెప్పాలి. నేను వెతికే రకాలు ఇవి. అన్నీ ఒకే ఊళ్ళో దొరకవు, రెండు దొరికినా మంచి రోజే.

*వేళ చెప్పే యంత్రాలు.* ఓడలోని గడియారం కొన్ని సెకన్లు తప్పినా నడిసముద్రంలో లెక్క మైళ్ళు తప్పుతుంది. అందుకని రేవులో ఉన్న ఓడలకు కనిపించేలా ఎత్తైన చోట ఒక పెద్ద బంతిని స్తంభం పైకి లాగి, సరిగ్గా ఒక వేళకు జారవిడిచేవారు. గ్రీనిచ్‌లో ఇది 1833 నుంచి ఉంది. 12:55కి సగం ఎత్తుకు, 12:58కి పైదాకా ఎక్కుతుంది, 1 గంటకు జారుతుంది. సిడ్నీ అబ్జర్వేటరీలో 1858 నాటిది ఉంది. గమనించాల్సింది బంతి కింద పడే క్షణం కాదు, కదలడం మొదలైన క్షణం. నావికుడు గడియారం దిద్దుకున్నది దాన్ని చూసే. పది నిమిషాలు ముందే చేరుకుని, ఫోన్ పక్కన పెట్టి, కన్ను తిప్పకుండా నిలబడండి.

మంచు కమ్మితే బంతి కనిపించదు, అందుకని ఫిరంగి పేల్చే ఊళ్ళున్నాయి. ఎడిన్‌బరో కోటలో 1861 నుంచి 1 గంటకు పేలుస్తున్నారు, ఆదివారం తప్ప. కేప్‌టౌన్‌లో సిగ్నల్ హిల్ మీద మధ్యాహ్నం 12కి, అక్కడా ఆదివారం సెలవే. ఈ ఊళ్ళలో కోట గోడ దగ్గర గుంపులో నిలబడటం కంటే మంచి పని ఒకటుంది. 3 కిలోమీటర్ల దూరంలో, కోట కనిపించే చోట నిలబడి, పొగ కనిపించిన క్షణం నుంచి లెక్కపెట్టండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి దాదాపు 9 సెకన్లకు గానీ మీ చెవిన పడదు. ఓడలవాళ్ళు ఈ 9 సెకన్లు తీసేసి గడియారం దిద్దుకోవాల్సి వచ్చేది. ఎడిన్‌బరోలో దీనికోసం ఏ పేటకు ఎన్ని సెకన్లో వలయాలు గీసిన పటమే అచ్చు వేశారు.

*నీటిమట్టం కొలిచే చోట్లు.* సముద్రమట్టానికి ఇంత ఎత్తు అంటాం. ఆ సున్నా ఎక్కడ? మార్సెయ్ నగరంలో ఒడ్డున ఒక చిన్న కట్టడంలో ఉంది, అక్కడ 1885 నుంచి కొలుస్తున్నారు. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో ఎత్తులన్నీ ఆ కొలతల సగటు నుంచే లెక్క. ఆమ్‌స్టర్‌డామ్‌లో సిటీ హాల్, సంగీత నాటకశాల కలిసున్న భవనంలో కంచు గుర్తుగా ఉంది. పక్కనే గాజు స్తంభాల్లో నీళ్ళు. రెండింటిలో ఇప్పుడు సముద్రం ఎంత ఎత్తులో ఉందో కనిపిస్తుంది. మూడో దానిలో 1953 వరదలో నీరు చేరిన ఎత్తు, సున్నాకు 4.55 మీటర్ల పైన. తల పైకెత్తి ఆ నీటిని చూస్తుంటే వెన్ను జలదరిస్తుంది. మీరు వెళ్ళే ఊళ్ళో ఇలాంటి కొలమానం ఉందో లేదో తెలుసుకోవాలంటే, 1933లో లివర్‌పూల్‌లో మొదలైన పీఎస్‌ఎంఎస్‌ఎల్ (పర్మనెంట్ సర్వీస్ ఫర్ మీన్ సీ లెవెల్) అనే సంస్థ జాబితాలో ఊరి పేరు వెతకండి.

*సముద్రం వాయించే వాయిద్యాలు.* క్రొయేషియాలోని జదర్‌లో 2005లో మెట్ల కింద 35 గొట్టాలు అమర్చారు. అల లోపలికి తోసిన గాలి మెట్ల రంధ్రాల్లోంచి పాటగా బయటికొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1986 నాటి వేవ్ ఆర్గన్ ఉంది. కూల్చేసిన శ్మశానం రాళ్ళతో కట్టిన కూర్చునే చోటు, దానిలోంచి పైకి లేచిన గొట్టాలు. ఇది పోటు మీదున్నప్పుడే బాగా పలుకుతుంది. ఆటులో వెళ్ళి నిరాశపడేవాళ్ళే ఎక్కువ.

*గోడల మూలలు, మేడల పైకప్పులు.* స్పెయిన్‌లోని కదిస్‌లో వీధి మలుపుల్లో భవనాల మూలలకు పాత ఫిరంగి గొట్టాలు నిలువునా పాతి ఉంటాయి, బండి చక్రాలు గోడను గీరకుండా. అదే ఊళ్ళో తల పైకెత్తితే వర్తకులు తమ ఓడల కోసం కనిపెట్టుకున్న బురుజులు వందకు పైగా కనిపిస్తాయి. అమెరికాలోని సవానాలో నది ఒడ్డు వీధి నేలంతా, ఓడలు బరువు కోసం మోసుకొచ్చి దింపేసిన రాళ్ళే. ప్రతి పాత రేవులోనూ మూడు ఎత్తుల్లో చూడండి: నేల, మోకాలి ఎత్తు, పైకప్పు. కంటి ఎత్తులో ఉన్నవి ఎలాగూ అందరూ చూసేవే.

*గాలీ వానా పుట్టించినవి.* ఇటలీలోని త్రియెస్తెలో బోరా అనే గాలి మనుషుల్ని పడదోస్తుంది. ఆ గాలికి ఒక చిన్న మ్యూజియం ఉంది, ముందే చెప్పి వెళ్ళాలి. ఆ ఊళ్ళోనే 1903 నుంచీ ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య గోడ కట్టిన ఒక స్నానాల బీచ్ ఇప్పటికీ నడుస్తోంది.

4. రోజును ఆటు చుట్టూ అల్లుకోండి

గీత గీసుకున్న పగటి ఆటు వేళను మధ్యలో పెట్టండి. అది ఉదయం 10 అనుకుందాం.

- 8:00: ఒడ్డుకు చేరండి. నీరు తీస్తూ ఉంటుంది. పాచి పట్టిన రాళ్ళు ఎటున్నాయో, తిరిగొచ్చే దారి ఏదో పైనుంచి చూసుకోండి.
- 8:30: తీస్తున్న నీటి వెనకే నడవండి.
- 10:00: అన్నిటికంటే దూరపు చోటు. ఇక్కడే వెనక్కి తిరగాలి.
- 11:00: గట్టు మీద ఉండాలి. ఇది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు.
- 12:00 నుంచి: పాత తీరం గీత వెంబడి నడక. వేళ చెప్పే బంతి, ఫిరంగి ఉంటే ఈ మధ్యలోకే వస్తాయి.
- 3:30 ప్రాంతంలో: సముద్ర వాయిద్యాలు, గట్టుకు కొట్టే అలలు. అప్పటికి పోటు నిండుతూ ఉంటుంది.
- చీకటి పడ్డాక: దీపస్తంభం.

రెండో రోజుంటే, మొదటి రోజు ఆటులో చూసిన చోటికే పోటులో వెళ్ళండి. ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలోలో నీటి ఎత్తు తేడా 12 మీటర్లు దాటే రోజులున్నాయి. పొద్దున మీరు నడిచి వెళ్ళిన గ్రాండ్ బే సాయంత్రానికి దీవి అయిపోతుంది. ఒడ్డున ఉన్న ఈత కొలను మునిగిపోయి, దూకే బల్ల ఒక్కటే సముద్రం మధ్యలో నిలబడి ఉంటుంది. కెనడాలోని సెయింట్ జాన్‌లో పోటు వస్తే నది వెనక్కి పారుతుంది. అక్కడ ఒక్కసారి చూసి వచ్చేస్తే ఏమీ చూడనట్టే. ఆటులో ఒకసారి, పోటులో ఒకసారి, వీలైతే రెండింటి మధ్య నీరు నిలకడగా ఉండే ఆ కాసేపు కూడా చూడాలి.

5. సంచి

- పట్టు ఉన్న, తడిసినా పాడవని బూట్లు. చెప్పులు వద్దు, పాచి మీద నిలవవు.
- రెండు గడియారాలు, అంటే ఫోన్ కాకుండా చేతికి ఒకటి
- తిరిగి రావాల్సిన వేళకు పెట్టిన అలారం
- చేత్తో రాసుకున్న ఆటుపోట్ల కాగితం, ప్లాస్టిక్ కవర్లో
- చిన్న దుర్భిణి
- నీళ్ళు, టోపీ, పొడి మేజోళ్ళు
- రాత్రి కోసం టార్చి

ఇంతకు మించి మోయకండి. రాళ్ళ మీద రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

6. నీరు తీసిన నేల మీద ఎలా నడవాలి?

ముందుగా జెట్టీ స్తంభాన్నో, గోడనో చూడండి. దాని మీద అడ్డంగా రంగుల పట్టీలుంటాయి. పైన నల్లని మరక, దాని కింద బార్నకిల్ అనే చిన్న చిన్న తెల్ల గుల్లల పట్టీ, ఇంకా కింద ఆల్చిప్పలు, అన్నిటికంటే కింద నాచు. గుల్లలు బతకాలంటే నీళ్ళు తగలాలి. కాబట్టి ఆ తెల్ల పట్టీ ఎక్కడ ఆగిందో పోటు దాదాపు అక్కడిదాకా వస్తుంది. మీరు నిలబడ్డ చోట ఆ పట్టీ మీ తలకంటే ఎత్తున ఉంటే, కొన్ని గంటల్లో నీళ్ళూ మీ తలకంటే ఎత్తున ఉంటాయి. ఫోన్ చచ్చిపోయినా ఈ పట్టిక చెరిగిపోదు.

రాళ్ళ మధ్య నిలిచిన నీటి గుంట కనిపిస్తే పక్కన కూర్చోండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. మీ నీడ కదలడం ఆగాక ఒక రాయి నడుస్తుంది, అది పీత. నీళ్ళలో మునిగి ఉన్న గుల్లలు మూత తెరిచి ఈకల్లాంటి కాళ్ళు బయటికి చాచి, విసనకర్రలా ఊపుతూ మేత లాక్కుంటాయి. గొడుగు ఆకారంలో రాతికి అతుక్కుని ఉండే లింపెట్ నత్తల్లో చాలా రకాలు పోటులో మేతకు వెళ్ళి, నీరు తీసేలోపు తమ చోటికే తిరిగొస్తాయి. రాతిమీద దాని గుల్లకు సరిపోయే గుండ్రని గుంట ఉంటుంది. మీరు సరదాకి ఊడబీకితే దానికి ఇల్లు పోయినట్టే, తరచూ ప్రాణమే పోతుంది. ముంబయి లాంటి మహానగరంలో కూడా హాజీ అలీ దగ్గరి రాళ్ళలో సముద్రపు ఎనిమోన్‌లు, చిన్న ఆక్టోపస్‌లు ఉన్నాయి. వాటి పక్కనుంచి రోజూ వేలమంది పోతుంటారు.

పాటించాల్సినవి:

- రాయి తిప్పితే తిప్పినట్టే మళ్ళీ పెట్టండి. కింది వైపు బతికే జీవులు ఎండకు చచ్చిపోతాయి.
- చేతికి లోషన్ రాసుకుని గుంటలో ముంచకండి.
- సముద్రానికి వీపు చూపించకండి.
- అలల తాకిడికి అడ్డంగా పేర్చిన పెద్ద కాంక్రీటు దిమ్మల మీదకి ఎక్కకండి. వాటి సందుల్లో జారిపడితే పైకి లాగడం చాలా కష్టం.
- బురదలో అడుగు దిగబడితే అక్కడే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

లివర్‌పూల్ పక్కన క్రాస్బీ బీచ్‌లో సముద్రం వైపు చూస్తూ నిలబడ్డ 100 ఇనుప మనిషి బొమ్మలున్నాయి, సుమారు 3 కిలోమీటర్ల పొడవునా. పోటులో ఒక్కొక్కటే మెడదాకా, తర్వాత పూర్తిగా మునుగుతాయి. దూరపు బొమ్మల దాకా నడిచే ప్రయత్నం వద్దు. అక్కడి బురద మెత్తన, నీరు ఎక్కే వేగమూ ఎక్కువే. ఒడ్డు దగ్గరి బొమ్మ పక్కన నిలబడి, దూరానివి ఒక్కొక్కటీ మునగడం చూడటమే అక్కడ చూడాల్సింది.

7. రేవులో, పాత పేటల్లో మర్యాద

2004 జూలై నుంచి అంతర్జాతీయ భద్రతా నియమాల వల్ల ఓడలు ఆగే రేవుల్లోకి బయటివాళ్ళను ఊరికే పోనివ్వరు. కంచె దగ్గర బతిమాలుతూ సమయం పాడుచేసుకోకండి. రేవు నోరు కనిపించే గుట్టో, ప్రజలు ఎక్కే బల్లకట్టో వెతకండి. బల్లకట్టు మీద నుంచి కనిపించేంత రేవు ఏ గేటు నుంచీ కనిపించదు. నౌకాదళం స్థావరాల వైపు కెమెరా ఎత్తకండి, బోర్డు లేకపోయినా సరే.

బల్లకట్టు మీద ఉన్నప్పుడు నీటిలో తేలే ఎర్ర, ఆకుపచ్చ బోయాలు చూడండి. ప్రపంచంలో ఎక్కువ చోట్ల సముద్రం నుంచి రేవులోకి వచ్చే ఓడకు ఎరుపు ఎడమన ఉంటుంది. అమెరికా ఖండాల్లో, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఎరుపు కుడిన. మీరున్నది ఏ వైపు పద్ధతో మీరే తేల్చుకోవచ్చు.

జాలరి పేటల్లో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఫుట్‌డీ అనే పేట ఉంది. ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి లోపలి చౌకు వైపు తిరిగి ఉంటాయి, గాలివానకు తట్టుకోవడానికి. చౌకులో ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అలంకరించుకున్న చిన్న పాకలు. చూడముచ్చటగా ఉంటుంది నిజమే, కానీ అవి జనం కాపురముంటున్న ఇళ్ళు. కిటికీలోంచి తొంగి చూడకండి. ఆరేసిన వలల మీద అడుగు వేయకండి. మనుషులు ఫొటోలో పడుతుంటే అడిగి తీయండి. ఒక మాట కలిపితే పటంలో లేనివి వాళ్ళే చెబుతారు.

8. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే తీరు

*పక్క రేవు పట్టిక చూడటం.* నేను చేసిన తప్పే ఇది. ఒక చోట నీరు తీస్తే బయటపడే రాతి దారి కోసం బయలుదేరాను. ఆ ఊరి పట్టిక దొరక్క దగ్గరి పెద్ద రేవుది చూశాను. నేను చేరేసరికి దారి మధ్యలో రాళ్ళు అప్పుడే తడుస్తున్నాయి. అక్కడ నీరు దాదాపు గంట ముందే తిరిగిపోయింది. చాలా పట్టికల్లో ప్రధాన రేవు పక్కనే చిన్న రేవులకు ఎన్ని నిమిషాలు కలపాలో, తీసేయాలో ఉంటుంది. ఆ వరస చూడండి.

*గాలిని లెక్కలోకి తీసుకోకపోవడం.* పట్టిక చెప్పేది సూర్యచంద్రుల లాగుడు లెక్క మాత్రమే. ఒడ్డు వైపు బలంగా గాలి వీచినా, వాయుగుండం ఉన్నా నీరు అనుకున్నదానికంటే ఎత్తుకు వస్తుంది. హెచ్చరిక ఉన్న రోజు ఒడ్డు పని మానేసి పాత తీరం నడక పెట్టుకోండి.

*యంత్రం ఆగిపోయిందో లేదో కనుక్కోకపోవడం.* న్యూజిలాండ్ లిటిల్టన్‌లోని వేళ బంతి 2011 భూకంపాల్లో కూలింది, 2018లో గానీ మళ్ళీ జారలేదు. ఇలాంటివి మరమ్మతుల్లో ఉండటం మామూలే. వెళ్ళే వారంలో ఒకసారి అడగండి.

*ఒక రోజులో ఎనిమిది చోట్లు.* ఒక ఆటు, ఒక నడక, ఒక రాత్రి చాలు.

9. చీకటి పడ్డాక: దీపాన్ని చదవడం

లైట్‌హౌస్‌ను పగలు చూసి వచ్చేసేవాళ్ళు అసలుది వదిలేస్తున్నారు. ఒక తీరంలో దీపాలు ఒకదానితో ఒకటి పొరబడకుండా ఒక్కోదానికీ ఒక్కో మెరుపు లెక్క ఉంటుంది. నావికుల పటంలో దాన్ని పొట్టిగా రాస్తారు. ఎఫ్ఎల్ (2) 10ఎస్ అంటే 10 సెకన్లకోసారి వరసగా రెండు మెరుపులు. ఓపెన్ సీ మ్యాప్‌లో చాలా దీపాల లెక్కలు ఉచితంగా చూడొచ్చు.

ఎలా చేయాలంటే:

- దీపానికి ఎదురుగా కాకుండా కొంచెం దూరంగా, వీధి దీపాలు కంట్లో పడని చోట నిలబడండి.
- పది నిమిషాలు ఫోన్ తెర చూడకండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి.
- మొదటి మెరుపు నుంచి అదే వరుస మళ్ళీ మొదలయ్యేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడుసార్లు లెక్కపెట్టి సరిచూసుకోండి.
- ఆ అంకె రాసుకున్నాకే పటం తెరిచి పోల్చండి.
- సముద్రం మీద ఇంకా ఎన్ని దీపాలున్నాయో చూడండి. ఎరుపు, ఆకుపచ్చగా మినుకుమనేవి మధ్యాహ్నం బల్లకట్టు మీద నుంచి చూసిన బోయాలే కావచ్చు. వాటికీ లెక్కలుంటాయి.
- ఒకదాని పైన ఒకటిగా రెండు దీపాలు ఒడ్డున కనిపిస్తే, అవి రెండూ నిలువుగా ఒకే గీతలోకి వచ్చేదాకా గట్టు వెంబడి నడవండి. ఓడలు రేవులోకి వచ్చే దారి ఆ గీతే. దాని మీద నిలబడి సముద్రం వైపు తిరగండి. కాసేపు ఆగితే ఏదో ఒక ఓడ తన దీపాలతో నేరుగా మీ వైపే వస్తూ కనిపిస్తుంది.